ఏడు ప్రూఫులు తిరిగిన లైబ్రరీ చరిత్ర

2023 వానాకాలం. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, మెట్ల కింద గదిలో నా డీటీపీ షాపు. పుస్తకాలు టైప్ చేసి, పేజీలు కట్టి, ప్రెస్సుకు పంపడం ఇరవై రెండేళ్లుగా నా పని. పెళ్లి కార్డుల నుంచి పీహెచ్‌డీల దాకా అన్నీ చేశాను. కానీ మెదక్ వైపు ఒక చిన్న ఊరి లైబ్రరీ చరిత్ర ఏడిపించినంతగా నన్నేదీ ఏడిపించలేదు.

లైబ్రరీ కమిటీ అధ్యక్షులు విఠల్‌రావు గారు చేతిరాత కట్టతో వచ్చారు. లైబ్రరీ ఫంక్షన్‌లో పంచడానికి నలభై పేజీల సావనీర్. అంగడి పక్క గదిలో లైబ్రరీ మొదలవడం, చదువురాని వాళ్లకు సాయంత్రాలు పేపరు చదివి వినిపించడం, గదిలోకి నీళ్లొస్తే పుస్తకాలన్నీ బడి అటక మీదికి మోయడం... చాలా బాగా రాశారు. స్థాపకుడు వారి నాన్నగారని రాసుంది. టైప్ చేసి ప్రూఫ్ ఇచ్చాను. అచ్చుకు ముందు తప్పులు దిద్దుకోవడానికి ఇచ్చే కాగితాలే ప్రూఫ్.

నాలుగు రోజులకు ఆ ప్రూఫ్ పట్టుకొని కమిటీ కార్యదర్శి నర్సింలు గారొచ్చారు. అక్షరదోషం ఒక్కటీ దిద్దలేదు. స్థాపకుడి పేరు మాత్రం కొట్టేసి తన తాత పేరు రాశారు.

“అధ్యక్షులకు తెలుసా సార్?”

“ఆయనకేం తెలుసమ్మా? గప్పుడు ఆయన పుట్టనే లేదు.”

మరుసటి వారం విఠల్‌రావు గారు. “గీ పేరు ఎవరు పెట్టమన్నరు నీకు?” మార్చాను. మళ్లీ నర్సింలు గారు. పేరు మారితే ఫొటో మారాలి, ఫొటో మారితే పేజీలు జరుగుతాయి, విషయసూచిక మళ్లీ మొదటికొస్తుంది. ఆరో ప్రూఫ్‌కు నా ఓపిక చచ్చిపోయింది. ఇద్దరినీ ఒకే రోజు రమ్మన్నాను.

“జర మీరిద్దరు తేల్చుకోండ్రి సార్. నోటిమాటలు వద్దు, కాగితం తెండ్రి.”

యాక్సెషన్ రిజిస్టర్ తెచ్చారు. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబరేసి, ఎవరిచ్చారో రాసుకునేది. మొదటి పేజీ తెరిచాను. ఒకటో నంబరు నుంచి నూట పద్నాలుగు దాకా ఒకే గుండ్రటి చేతిరాత. అన్నిటికీ ఇచ్చినవారు: సుగుణమ్మ, నర్సు, మిషన్ దవాఖాన. తండ్రీ లేడు, తాతా లేడు.

“ఎవరు సార్ ఈమె?”

“ఏమో. బదిలీ మీద వచ్చిపోయినామె గావచ్చు,” అన్నారు విఠల్‌రావు గారు.

“మా ఊరామె కాదు,” అన్నారు నర్సింలు గారు.

ఆమె పేరు వద్దన్నారు. ఇన్నాళ్లలో ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

మా అమ్మ కూడా ఇంకో ఊళ్లో మిషన్ దవాఖానలో నర్సుగా చేసింది. కడుపు మండింది.

“అయితే స్థాపకుల పేజీల ఎవరి పేరూ వద్దు. ఈ రిజిస్టర్ పేజీ ఫొటో పెడత. కాదంటే ఫైలు తీస్కపోయి అబిడ్స్‌ల ఇంకెవరితోనన్న చేయించుకోండ్రి.”

ఫంక్షన్ పది రోజుల్లో ఉంది. ఎదుటివాళ్ల పేరు రాకపోతే అంతే చాలనుకున్నారేమో, ఏడో ప్రూఫ్ మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

ఫంక్షన్ అయిన వారానికి విఠల్‌రావు గారి ఫోన్.

“ఏందమ్మా గిది! ఊరంతా సుగుణమ్మ ఎవరని అడుగుతున్నరు. ఆమె చేతుల మీద పుట్టినమని నలుగురు ముసలోళ్లు లైబ్రరీకొచ్చి కూసున్నరు. ఆమె ముచ్చట రాయకపోతే లేవరంట. మళ్ల అచ్చేయాలె.”

“అంటే ఎనిమిదో ప్రూఫా సార్?”

“ఔ.”

తిట్టుకుంటూనే ఫైలు తెరిచాను. అప్పట్నుంచి ఎవరు ఏ ఊరి చరిత్ర తెచ్చినా ముందు పాత రిజిస్టరేమైనా ఉందా అని అడుగుతున్నాను. అది చూశాకే కీబోర్డు ముట్టుకుంటాను.