జగన్నాధం జేబులో ఆరు గవ్వలు

గజపతినగరం నుంచి కళింగపట్నం దాకా టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడే ఏ జట్టుకీ అంపైర్ పొందూరు జగన్నాధం పొడ గిట్టదు. ఆయన వేలు పైకి లేస్తే సముద్రంలో పడవలు ఆగి, ఔటయింది ఎవడో కనుక్కుని మరీ కదులుతాయంటారు. వికెట్ల మధ్య గెంతుతున్న కాకిని రనౌట్ ఇచ్చి పంపేశాడని కూడా అంటారు. కాకి ఎదురు చెప్పలేదట.

మనుషులు చెబుతారు. అందుకే ఆయన కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాడు. మ్యాచ్ రోజు గడ్డం గీసుకుని, గంజి పెట్టిన ఖద్దరు చొక్కా తొడుగుతాడు. ఏ జట్టు డేరాలోనూ కూర్చోడు. ఎవరి మంచినీళ్ళూ ముట్టడు, తన సీసాలోని చోడి అంబలే, అంటే రాగి జావే తాగుతాడు. ఆటగాళ్ళతో నవ్వడు. కుడి జేబులో ఆరు గవ్వలుంటాయి. బంతి పడినప్పుడల్లా ఒకటి ఎడమ జేబులోకి మారుతుంది. కుడి జేబు ఖాళీ అయితే ఓవర్ అయినట్టు. ఇక అన్న మాట మార్చడం ఇరవై రెండేళ్ళలో లేదు.

ఈ ఏడు కళింగపట్నం ఇసుకలో ఆ ఊరికీ గజపతినగరానికీ సెమీఫైనల్. పోటీలు నడిపే మురళీమోహన్ ముందే చెప్పాడు.

"ఒక జట్టుకి కొమ్ము కాసినావన్న మాట ఇనబడితే ఆదివారం ఫైనల్‌కి నువ్వు లేవు మావా."

ఇన్నేళ్ళలో జగన్నాధం నిలబడని ఫైనల్ లేదు.

చివరి ఓవర్. కళింగపట్నం గెలవాలంటే ఇంకా మూడు పరుగులు కావాలి. వాళ్ళ బ్యాట్స్‌మన్ జోగయ్య కొట్టిన బంతికి పరుగు రాలేదు. జగన్నాధం కుడి జేబు తడిమి, "ఓవర్" అన్నాడు. గజపతినగరం కుర్రాళ్ళు గంతులేశారు.

జోగయ్య బ్యాటుతో మీదికొచ్చాడు. "ఐదు బంతులకే ఓవరేటి? స్కోరు బుక్కు సూడు. కళ్ళు ఇంటికాడ ఒగ్గేసొచ్చినావా?"

"స్కోరు రాసినోడు మీవోడే. ఆడి లెక్క ఎవడిక్కావాలి?" అన్నాడు గజపతినగరం కెప్టెన్ భాస్కర్.

జగన్నాధం ఎడమ జేబులోవి అరచేతిలో పోసుకున్నాడు. ఐదే ఉన్నాయి. కుడి జేబులో వేలు పెడితే అడుగున చిరుగులోంచి బయటికొచ్చింది. కాళ్ళ కింద చూశాడు. ఇసుక నిండా గవ్వలే. అందులో తనదేదో ఆ సముద్రానికే తెలియాలి.

నోరు మూసుకుంటే మాట నిలుస్తుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాది. ఇంకో బంతుంది."

"అమ్ముడైపోయినావు ముసిలోడా," అన్నాడు భాస్కర్.

బంతి పడింది. జోగయ్య గాలిని కొట్టాడు. మధ్య వికెట్ ఎగిరిపోయింది. జగన్నాధం వేలెత్తాడు.

ఒడ్డున చేపలు ఆరబెడుతున్న జోగయ్య తల్లి గున్నమ్మ బుట్ట పక్కన పడేసి లేచింది. "మావోడి ఊపు సెడగొట్టీసి మళ్ళీ ఆడించినావు. నీ సేతులిరిగిపోనూ."

గెలిచినవాళ్ళు తిట్టారు, ఓడినవాళ్ళు తిట్టారు. ఒక్కడూ బండి ఎక్కించుకోలేదు. బస్సు కోసం ఆయన మూడు మైళ్ళు నడిచాడు.

మర్నాడు మురళీమోహన్ ఫోన్ చేశాడు. "రెండు జట్లూ నువ్వు అవతలోళ్ళ మనిషివనే అంతన్నాయి. ఆదివారం రా మావా."

ఆయన భార్య లక్ష్మీనరసమ్మ జేబు కుడుతూ దారం పంటితో తెంపింది.

"పదిమంది సేతా తిట్లు తినడానికి ఎంత సంబరమో," అంది.

జగన్నాధం వాకిట్లో, కళింగపట్నం ఒడ్డున ఏరుకొచ్చిన ఆరో గవ్వ కడుగుతున్నాడు.