మా కొట్టంల కురిసిన వాన

ఈ నడుమ మా ఇంట్ల ఏమైందో విన్నరా? వాన పడ్డది. మాఘమాసం, బయట ఎండ తెల్లగ కాస్తున్నది, ఆకాశంల గోరంత మొగులు లేదు. మా కొట్టంల మాత్రం జోరువాన. అండ్ల తడిసింది ఎవరో కాదు, నాకు పిల్లనిద్దామా వద్దా అని చూసిపోను వచ్చిన సారు. ఛాయ తాగుకుంట వినుండ్రి. నడుమ నవ్వితే మాత్రం చెప్ప.

సారంటే, కోరుట్లల నాకు తొమ్మిదో తరగతిల సైన్స్ చెప్పిన సారే. ఇప్పుడు హెడ్ మాస్టర్ అయిండు. ఆయన బిడ్డ సుగుణ. అంగడిల ఆమెను నేను నాలుగుసార్లు చూసిన, ఒక్కసారి ఆమె కూడ నన్ను చూసింది. అంతే, ఇంకో సంబంధం మాటెత్తితే అన్నం ముట్టనని అవ్వకు చెప్పేసిన. కష్టమేందంటే, నా సంగతి సారుకు ముందే తెలుసు. సైన్స్‌ల నాకొచ్చిన మార్కులన్నీ ఆయన చేతితోటి వేసినవే. "పిలగాడు మంచోడే, కని జర తెలివున్నదా లేదా చూడాలె" అన్నడట మధ్యవర్తితోటి. ఆ తెలివి చూడనీకే మా ఇంటికి వస్తున్నడు.

మేము పసుపు పండించేటోళ్లం. మాఘంల కొమ్ములు తవ్వి, పెద్ద ఇనుప కడాయిల ఉడకబెట్టి, ఎండబోసి, ఎండినంక గోనెల మీద వేసి రుద్దుతం. ఉడకబెట్టే కొట్టం మీద ఎప్పుడూ తాటికమ్మలే ఉండేవి. ఈ ఏడు నేనే పట్టుబట్టి కమ్మలు పీకించి, కరీంనగర్ నుంచి రేకులు తెప్పించి వేయించిన. మా ఊర్ల రేకుల కొట్టం మాదే ఫస్ట్. సారు వస్తే అండ్లనే కూసోబెట్టాలె, షాన్‌గ ఉండాలె అని నా ప్లాన్. పొద్దుగాల చలి, లోపలైతే పొయ్యి వెచ్చగ ఉంటది. చలిగాలి సొరకుండ నాలుగు దిక్కుల తడకలు కట్టి, సందులల్ల గోనె సంచులు కుక్కిన.

బాపు వచ్చి చూసి, తడకలు తియ్యిరా, ఆవిరి పోవాలె కదా అన్నడు. నీకు తెల్వదు బాపూ, గివి రేకులు, కమ్మలు కాదు అన్న. ఆయన ఇంకేమనలే. బీడీ ముట్టించుకోని బయటికి పోయిండు. మా బాపు ఏమనకుంట పోయిండంటే ఆయన మాటే నిజమైతదని లెక్క. నాకది ఆ టైంకు యాదికి రాలే.

సారు ఎనిమిదింటి బస్సుకు దిగిండు. తెల్ల ధోతి, తెల్ల లాల్చీ, ఇస్త్రీ మడత చెదరలే. వెంట ఆయన అక్క పోచవ్వ. వాళ్లింట్ల ఆమె మాట మీద మాట ఉండదని ముందే విన్నం. ఇద్దర్నీ తీసుకపోయి కొట్టంల కొత్త నులకమంచం మీద కూసోబెట్టిన. పక్కనే కడాయి కుతకుత ఉడుకుతున్నది. సారు పైకి చూసి, రేకులు మంచిగున్నయ్ అన్నడు. నా పానం లేచొచ్చింది.

ఆయన ఇంకా పైకే చూస్తుండంగ టప్పున ఒక బొట్టు కండ్లద్దాల మీద పడ్డది. ఇంకోటి భుజం మీద పడ్డది. అది పచ్చగున్నది. వారం దినాలు అదే కొట్టంల కొమ్ములు రుద్దినం, ఆ దుమ్మంత వాసాలకు పట్టి ఉన్నది. దాన్ని కడుక్కుంట దిగిన బొట్టు పచ్చగ గాక ఎట్లుంటది?

"రేకు కారుతున్నదా, రాజం?" అన్నడు సారు.

కొత్త రేకులని ఊరంత చెప్పుకున్న, దుకాణపోడు చిల్లులవి అంటగట్టిండు అనుకున్న. బయట వాన లేంది రేకు ఎట్ల కారుతదని ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే అయిపోతుండె. ఆలోచించలే. నిచ్చెన వేసుకోని ఎక్కిన. పైన ఎంత వెతికినా చిల్లు దొరకలే. అప్పుడు నాకొక ఐడియా వచ్చింది. నీళ్లు పోస్తే ఎక్కడ దిగుతయో అక్కడే చిల్లు. తొట్టిల నీళ్లు రాత్రంత చలికి ఉన్నయ్, వేలు పెడితే జివ్వుమంటున్నయ్. రెండు బకెట్లు పైకి చేర్చి రేకుల మీద గుమ్మరించిన.

"సార్, ఎక్కడ కారుతున్నదో జర చూసి చెప్పుండ్రి" అని పైనుంచే అడిగిన.

కిందికెల్లి సారు గొంతు నిమ్మళంగ వచ్చింది.

"అంతట కారుతున్నది."

అయితే చిల్లు పెద్దదే అనుకోని దిగి ఇంకో బకెట్ తెచ్చి పోసిన.

కిందికొచ్చి తడక తీసి చూద్దును గదా, లోపల పొగమంచు లెక్క ఆవిరి. సారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకోని కూసున్నకాడనే కూసున్నడు, నెత్తి నుంచి పాదాల దాక పచ్చని బొట్లు. పోచవ్వ కొంగు కప్పుకున్నది. మా అవ్వ గుమ్మంకాడ నిలవడి నన్నే చూస్తున్నది. ఇగ సంబంధం పోయింది, సుగుణ పోయింది అనుకున్న. నిజం చెప్తున్న, ఏడుపొచ్చింది. ఆ పరేషాన్‌ల సబ్బు తెచ్చి, తడిబట్టతోటి సారు లాల్చీ రుద్దుడు వెట్టిన. పచ్చని మరకలు కాస్తా ఎర్రగైనయ్! సబ్బు తగిలితే పసుపు ఎర్రగైతదని మా ఊర్ల ఎవరినడిగినా చెప్తరు. పసుపు పండించేటోన్ని, నాకే ఆ గడియల తెల్వలే.

బాపు అప్పుడొచ్చి రెండు దిక్కుల తడకలు ఇప్పిండు. ఆవిరంత బయటికి పోయింది. కాసేపట్ల వాన ఆగింది.

సారు లేచి, అద్దాలు తుడుసుకోని నన్ను దగ్గరికి పిలిచిండు.

"కడాయిల నీళ్లు ఆవిరై పైకి పోయినయ్. రేకు చల్లగున్నది, తగలంగనే మళ్ల నీళ్లైనయ్. నువ్వు దాని మీద ఇంకిన్ని చల్లనీళ్లు పోస్తివి, ఇంకా జోరుగ పడ్డయ్. చిల్లెక్కడున్నది?"

"లేదు సార్."

"ఆకాశంల రేకులు లేవు, పైకి పోయినకొద్ది గాలే సల్లబడుతది. చెరువుల నీళ్లు, చెట్ల తడి గట్లనే పోయి, సల్లబడి మొగులైతయ్. బొట్లన్ని కలిసి బరువెక్కితే వాన. తొమ్మిదిల గిదే ప్రశ్న ఇచ్చిన. నువ్వేం రాసినవ్?"

నాకు బాగ యాదికున్నది. 'వర్షము పైనుండి కిందికి పడును' అని ఒక్క ముక్క రాసిన. తల వంచుకోని అదే చెప్పిన.

సారు తన లాల్చీ చూసుకున్నడు. "తప్పైతే కాదు" అన్నడు. ఇన్నేండ్ల నుంచి ఈ వాన బొమ్మను బోర్డు మీద గీస్తున్నడట, నెత్తి మీద పడుడు ఇదే మొదలట. అని నవ్విండు. ఆ నవ్వు మంచిదో చెడ్డదో నాకు సమజ్ కాలే.

అప్పటిదాక మాట్లాడని పోచవ్వ, తమ్ముని లాల్చీ మీద ఎర్ర మరకలు వేలితోటి తడిమి చూసింది.

"తమ్మీ, పసుపు పైనుంచే పడ్డది. కుంకుమ పిలగాడే పెట్టిండు. ఇంకా ఏం చూస్తవ్?"

పిల్లను అడగాలె కదక్కా అన్నడు సారు. గా బట్టలతోటే బస్సెక్కి పోయిండ్రు. బస్సుల అందరు ఆయన దిక్కే చూస్తుంటే నేను బస్టాండుల చెట్టు చాటుకు పోయిన.

ఎనిమిది దినాలు పోస్ట్‌మ్యాన్ సైకిల్ సప్పుడైతే చాలు, కడాయి వదిలి ఉరికిన. నిన్న కార్డొచ్చింది. సుగుణ ఒప్పుకున్నది, ఫాల్గుణంల ముహూర్తం చూసుకుందం అని సారు రాసిండు. నేను చదివిన, అవ్వకు చదివి వినిపించిన, మళ్ల నేను చదివిన. అప్పుడు కనవడ్డది, కింద మూలకు ఇంకో చేతిరాత, సన్నగ గుండ్రంగ ఉన్నది.

'లాల్చీ నేనే ఉతికిన, మరక పోలేదు. పందిరికి రేకులు వేయకండి, ఆకులు వేయండి.'

నన్ను ఒక్కసారే చూసినా మంచిగనే చూసింది. కార్డు అప్పటినుంచి నా జేబులనే ఉన్నది, చూస్తరా?

బాపు మాత్రం, పందిరి వేసే దినం నువ్వు ఊర్ల ఉండకు అన్నడు. అందుకే ఆ దినం మీ ఇంటికే వస్తున్న. మీ ఇంటి కప్పు రేకులదా, పెంకులదా?