దుమ్ముకు కట్టిన రుమాలు

సిరిసిల్లల నేను బట్ట నేసే సాంచెలు నడిపిన రోజులల్ల నా పక్క సాంచెల మీద ఒక పెద్దాయన ఉండేటోడు. నేను మామా అని పిలిచేటోన్ని. దూది దుమ్ముకు ముక్కు మీదికెళ్లి రుమాలు కట్టుకునేటోడు, కండ్లు తప్ప మొఖం కనవడకపోయేది. చాయ్ సుత రుమాలు కొంచెం పైకి లేపే తాగేటోడు.

చాయ్ తాగుకుంట ఫోన్ల పాత కౌబాయ్ సినిమాలు జూసేటోడు. పశువులు మేసే జాగ కోసం కొట్లాటలు, గుర్రం మీద మొఖానికి గుడ్డ కట్టుకున్న హీరో. ఇంగ్లీషు రాదు గనుక కథ తనే అల్లి చెప్పేటోడు.

"గాయిన మొఖం ఎందుకు దాస్తున్నడే మామా?" అని అడిగిన ఓసారి.

"దాసుడేంది? గుర్రాలు లేపే దుమ్ము జూడు. పనిజేసేటోడు గట్లనే కట్టుకుంటడు."

ఒకపాలి నాకు జరమొచ్చి మంచం పట్టిన. సేటు నా సాంచెలు ఇంకొకలకు ఇస్తనన్నడట. నేను లేచేదాక మామ తనయి, నాయి కలిపి తనే నడిపిండు. తిరిగొచ్చి దండం పెడితే, తెగిన పోగు ముడేసుకుంటనే, పోయి పనిజేసుకో అన్నట్టు చెయ్యి ఊపిండు.

సాంచెలు ఇడిసిపెట్టిన చాన్నాళ్లకు, మొన్న జగిత్యాల బస్టాండుల ఒక ముసలాయన నన్ను జూసి నవ్విండు. తెల్లగడ్డం, పండ్లు లేని నోరు.

"ఎవలు గావాలె?" అన్న.

ఆయన ఏమనుకోలే. భుజం మీది రుమాలు తీసి ముక్కు మీదికెళ్లి కట్టుకున్నడు.

ఆడనే వంగి కాళ్లు మొక్కిన.