అరిసెలు పంచని అడుగులు

1979. అప్పుడు నేను ఆళ్లగడ్డ పక్క పల్లెల్లో ఏఎన్ఎంని. అంటే కాన్పులు, టీకాలు చూసుకుంటూ ఇల్లిల్లూ తిరిగే నర్సుని. పిల్లలు ఏ వయసుకు కూర్చోవాలి, నిలబడాలి, నడవాలి అన్నవాటిని మైల్‌స్టోన్స్ అని మాకు ట్రైనింగులో నేర్పారు. తల్లులకు మాత్రం నెలలు గుర్తుండవు. అడుగులకు అరిసెలు ఎప్పుడు పంచినావని అడిగితే ఠక్కున చెప్పేస్తారు.

ఓబులమ్మ కొడుక్కి ఏడాదిన్నర దాటినా నడక రాలేదు. ఎప్పుడు పోయినా తల్లి చంకలోనే ఉండేవాడు. కాళ్లు పట్టి చూస్తే మజిల్ టోన్, అంటే కండల బిగువు, బాగానే ఉంది. నన్ను గట్టిగా తన్నాడు కూడా. నేలమీద నిలబెడితే మాత్రం తల్లి ముఖం చూసి చతికిలబడేవాడు. ఆ ఊళ్లో అప్పటికే ఒక బిడ్డకు పోలియో వచ్చి ఉంది. ఓబులమ్మ మొగుడు శేషన్నకు అదే దిగులు.

"కాలు పడిపోయిందేమో చెప్పు నర్సమ్మా. ఎద్దులనమ్మైనా కర్నూలు తీస్కపోతా" అన్నాడు.

ముందు నంద్యాలలో చూపిద్దామన్నాను. ఓబులమ్మకు జ్వరంగా ఉండి శేషన్నే బిడ్డను ఎత్తుకొచ్చాడు. ఆస్పత్రి వరండాలో మేం మాటల్లో ఉండగా వాడు ఒడిలోంచి జారి, ఎదురుగా బత్తాయి ఒలుస్తున్న ముసలామె దగ్గరికి తిన్నగా నడిచిపోయాడు. డాక్టరు కూడా కాళ్లకేమీ లేదని పంపేశారు. తీరా ఇంటికొచ్చి గుమ్మంలో దించితే, తల్లిని చూసి మళ్లీ కూలబడ్డాడు. మేం నంద్యాలలో చూసింది నిజమేనా అనిపించింది.

అయినా సంతోషం పట్టలేక, "నడిసినాడు గదా ఓబులమ్మా, నా అరిసెలు యాడ?" అన్నాను వేళాకోళంగా. ఆమె బావురుమంది.

"మా మామ పోయి ఏడాది నిండల్యా. ఇంట్లో పిండివంటకు బాండ్లి పెట్టకూడదు. అరిసెలు లేకుండా ఎట్లా నడవనిచ్చేది? పెద్దపాప అడుగులేసినప్పుడు ఇంట్లో గింజల్లేక పంచల్యా. ఆ పాప దక్కల్యా నర్సమ్మా. అందుకే వీడు లేసినప్పుడల్లా కూసోబెడ్తాండా."

"నాకొక్క మాట చెప్పకపోతివే" అన్నాడు శేషన్న. అది కోపమో ఊరటో నాకు తెలియలేదు.

అరిసెలకూ ప్రాణానికీ సంబంధం లేదని చెప్పబోయి, ఆమెను చూసి ఊరుకున్నాను. "మా ఇంట్లో మైల లేదు. నేను చేసుకొస్తా" అన్నాను.

"మీరు చర్చికి పొయ్యేవాళ్లు గదా. చెల్లుతాదా?"

"పంచేది నీ చేత్తోనే గదా."

ఓబులమ్మ తలూపింది.

నా పాకం ముదిరి అరిసెలు రాళ్లలా వచ్చాయి. అయినా ఓబులమ్మ వాటినే వీధంతా పంచి వచ్చి, కొడుకును నేలమీద దించింది. వాడు రెండడుగులు వేశాడు. అమ్మ ముఖం చూశాడు. అలవాటుగా కూర్చుండిపోయాడు.

"లెయ్యి నాయనా. ఇంగ నడువు" అంది ఏడుస్తూనే. వాడు లేచి ఆమె ఒళ్లోకి నడిచాడు. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

ఆ తర్వాత ఏ బిడ్డ నడవడం లేదన్నా, కాళ్లు చూసే ముందు తల్లిని అడిగేదాన్ని, నేలమీద దించుతాండావా అని. ఏ నెలకు ఏం చేయాలో నేను బాగానే చదువుకున్నాను. అమ్మ భయం తెలుసుకుని నడకను దాచుకోవడం ఎన్నో నెలకు వస్తుందో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.