వెనక నుంచి కనిపించిన దొంగ

గోదావరిఖనిలో నాది మిర్చిబండి, చదువు ఏడో తరగతితో సరి. ఈమధ్య ఇంట్లో కెమెరా పెట్టించాను. ఫోన్‌లో ఒక నంబరు, పాస్‌వర్డు కొడితే ఇల్లు కనిపిస్తుందని మెకానిక్ చెప్పాడు.

ఓ ఆదివారం బెల్లంపల్లిలో అక్క ఇంటికి వెళ్లి, వాళ్ల వైఫైతోనే గొప్పగా ఆ నంబరు కొట్టాను. మా ఇంట్లోలాంటి నీలం ప్లాస్టిక్ కుర్చీలో, వీపు ఇటు తిప్పి ఎవడో బట్టతలవాడు కూర్చున్నాడు! ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఉంది.

బావ ఫోన్ లాక్కుని ఆమెకు చేశాను.

"ముందటి గదిల దొంగ ఉన్నడు, నువ్వు వంటింట్ల గొళ్ళెం పెట్టుకో!"

"ముందటి గదిల నేనే ఉన్న. ఎవ్వడు లేడు" అంటూ ఆమె ఏడుపు అందుకుంది.

"నాకు కనవడుతున్నడే!" అని అరుస్తూ లేచాను. ఒక్క క్షణం ఆగి దొంగ కూడా చెవి దగ్గర ఫోన్‌తో లేచాడు.

అక్క తొంగిచూసింది. "తమ్మీ, ఆ నెత్తి నీదేరా!"

నా నెత్తి వెనక నుంచి నేనెప్పుడు చూశాను గనక!

బావ పడీ పడీ నవ్వాడు. "అది మా కెమెరా. ఆ నంబరు ఇంటి వైఫై లోపటికే బామ్మర్దీ, ఎవరి వైఫైల కొడితే వాళ్ల కెమెరానే. క్వార్టర్ నంబరు ప్రతి కాలనీల ఉండదా? ఏ కాలనీల నిలవడి అడిగితే ఆ ఇల్లే చూపిస్తరు."

"మరి నా పాస్‌వర్డు నీ ఇంటికెట్ల పట్టింది?"

బావ నవ్వు ఆగిపోయింది. ఇద్దరికీ మెకానిక్ ఒక్కడే, పాస్‌వర్డూ ఒక్కటే పెట్టాడు. బావ అక్కడికక్కడే, నేను ఇంటికి రాగానే దాన్ని మార్చేశాం.

నంబరు సంగతి నాకింకా సగమే అర్థమైంది. మా ఆవిడ మాత్రం నేను తలుపు కొడితే, ముందు వెనక్కి తిరిగి నెత్తి చూపించమంటోంది.