గొంగడి బయటి కాలు

మా సిస్టరమ్మ ఇక లేదు. తమ్ముడి స్కానింగ్ ఎప్పుడో అడుగుదామని సూర్యాపేట ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మొన్న ఆదివారం గుండెపోటుతో పోయిందని అక్కడి అమ్మాయి చెప్పింది. వేరే సిస్టర్ ఉంది, తీసుకురమ్మంది. వేరే సిస్టరుతో అయ్యే పనైతే నాకింత దిగులెందుకు?

మాది నడిగూడెం దగ్గర గొర్లు కాసే ఇల్లు. తమ్ముడికి ముప్పై ఏళ్లు నిండినా మనసు పసివాడిది. ఫిట్స్ మొదలయ్యాక తలలో గడ్డ ఉందన్నారు. అది పెరుగుతోందో లేదో చూడటానికి ఏడాదికోసారి ఎమ్మారై తీయాలి. మొదటిసారి ఆ సొరంగంలోకి పంపగానే మిషన్ మోతకు బెదిరి, అరిచి, కాళ్లు కొట్టుకుని బయటపడ్డాడు. పడిశం పట్టి ఉండటంతో మత్తు వద్దన్నారు. స్కాన్ తీసే అతను బట్టతో కట్టేద్దామన్నాడు. విసిగిపోయిన మా నాయన కూడా సరేనన్నాడు.

సిస్టరమ్మ ఒప్పుకోలేదు. ఆమెది కోదాడ. "కట్టేస్తే ఈ ఒక్కసారికి పడుకుంటాడు. మళ్లీ ఈ గడప తొక్కడమ్మా" అంది. వాడు ఇంటి దగ్గర ఎప్పుడు కదలకుండా ఉంటాడని నన్ను అడిగింది. మంద దగ్గర గొంగడి కప్పుకున్నప్పుడన్నాను. అయితే అదే తెమ్మంది.

మరునాడు తీసుకెళ్లాం. గొర్రె వాసనకు స్కాన్ అతను ముక్కు మూసుకుంటే, నీ సెంటు కంటే నయమేనని ఆటపట్టించింది. పిన్నీసులేమైనా ఉన్నాయేమోనని గొంగడి అంచంతా తడిమింది. ఆ గదిలోకి లోహం పోకూడదు కదా, ఆమె చెవులకు ఎప్పుడూ వేపపుల్లలే, మెడలో ఉత్త పసుపుతాడే. తమ్ముడి చెవుల్లో దూది పెట్టి, లోపలే నిలబడి, గొంగడి బయటున్న కాలి బొటనవేలు పట్టుకుంది. మోత మొదలయ్యే ముందు నొక్కేది, ఆగాక మెల్లగా ఊపేది. వాడు కదల్లేదు. అద్దంలోంచి చూస్తూ నేను ఏడ్చేశాను.

ఆ తర్వాత ఏటా అంతే. ఒకసారి నేను వాడితో భయం లేదు, భయం లేదు అంటుంటే కసురుకుంది. "వాడికున్నదే భయం. లేదంటే ఎలా? నేనున్నా అను, చాలు." ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమె రుణం ఏం తీర్చుకోగలను?

ఈమధ్య ఫిట్స్ ఎక్కువయ్యాయి. గడ్డ పెరిగిందేమోనని డాక్టరు అనుమానం. సోమవారం స్కాన్ తీయాల్సిందే. సిస్టరమ్మ లేదని తమ్ముడికి చెప్పాను. వాడికి ఏం అర్థమైందో తెలియదు. నిన్న సాయంత్రం గొంగడి కప్పుకొని పడుకుని, కాలొకటి బయట పెట్టాడు. వెళ్లి బొటనవేలు పట్టుకుని నొక్కాను. ముసుగు తీసి నా మొహం చూశాడు.

"సిస్టరమ్మ గిట్ల పట్టది" అన్నాడు.

"మరెట్ల పడ్తదిరా? సూపియ్యి."

లేచి కూర్చుని, నా వేళ్లను ఒక్కొక్కటిగా తన బొటనవేలి చుట్టూ సర్దాడు. మళ్లీ ముసుగు తన్ని పడుకున్నాడు.