బూబమ్మ హజ్‌కు బయలెల్లిన పొద్దు

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా వాడ నుంచి సముద్రం దాటి వెళ్ళిన మనిషి ఒక్కతే, మా పక్కింటి బూబమ్మ. ఆమె బయలుదేరిన రోజును తలచుకుంటే నాకు ఓడా కనిపించదు, సముద్రమూ కనిపించదు. మూసి ఉన్న మా ఇంటి తలుపే కనిపిస్తుంది. తలుపు లోపల నేనూ, అవ్వ అని మేము పిలిచే మా అమ్మా, బయట అరుగు మీద ఆమె.

బూబమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు. వాడలో ఏ పసిబిడ్డ పాలు తాగడం మానేసినా, ఎవరి కడుపు ఉబ్బినా ముందు ఆమె దగ్గరికే ఎత్తుకెళ్ళేవారు. ఆమె అరచేత్తో పొట్ట నొక్కి చూసి, ఏదో ఆకు పసరు పోసి, "ఏం గాదు, తీస్కపోయి పండవెట్టు" అనేది. ఆ మాట వింటే సగం రోగం తగ్గినట్టేనని తల్లుల నమ్మకం. నన్ను కూడా రెండుసార్లు ఆమే బతికించిందని అవ్వ అందరికీ చెప్పుకునేది. అది మా తమ్ముడు పోకముందు మాట.

వాడికి మూడేళ్ళు. వానాకాలంలో జ్వరం తగిలింది. మొదటి రోజే మా నాయన, బాపు, దవాఖానకు తీసుకుపోదామన్నాడు. బూబమ్మ వచ్చి నుదురు పట్టి చూసి, "మామూలు జరమే. నాకెరుకే, రెండొద్దులల్ల దిగుతది" అంది. అవ్వ ఆ మాట పట్టుకుని కూర్చుంది. మూడో రోజు తెల్లవారుతుండగా బాపు వాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తాడు. దవాఖాన మెట్లు ఎక్కేసరికే వాడి మెడ వాలిపోయిందట.

ఆ తర్వాత అవ్వ బూబమ్మను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బాపు అనేవాడు. రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఆమె దగ్గితే మాకు వినపడేది, మా మగ్గం చప్పుడు ఆమెకు వినపడేది. రెండేళ్ళపాటు ఆ గోడకు ఇవతల మా అవ్వ, అవతల ఆమె, మాటా పలుకూ లేకుండా బతికారు. బూబమ్మ ఆ తర్వాత మరే బిడ్డనూ ముట్టుకోలేదు. ఎవరైనా ఎత్తుకొస్తే గుమ్మంలోనే ఆపి, దవాఖానకు తీసుకుపొమ్మని పంపేసేది.

పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, బూబమ్మ తన తమ్ముడితో కలిసి హజ్‌కు వెళుతుందని తెలిసింది. సికింద్రాబాద్ దాకా మోటరు బస్సు, అక్కడి నుంచి బొంబాయికి రైలు, ఆ పైన ఎన్నో రోజులు ఓడ మీద. అంత దూరం వెళ్ళే ముసలివాళ్ళలో తిరిగి వచ్చేవాళ్ళు తక్కువని అందరూ అనుకునేవారు. ఆమె మా బాపుతో ఒక తెల్లటి నూలు బట్ట నేయించుకుంది. ఆ బట్ట ఎందుకని అడిగితే, "తొవ్వల ఏమన్న అయితే సుట్టనీకి బిడ్డా" అన్నాడు బాపు, మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె ఆపకుండానే. నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం ఎప్పుడూ అవ్వ పని. ఆ బట్టకు మాత్రం అవ్వ చెయ్యి పెట్టలేదు. కండెలన్నీ నేనే చుట్టాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నా వేళ్ళ మధ్య నుంచి జారిపోతున్న ఆ దారం ఒక మనిషి చావు కోసమని తెలిసి, రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

దసరా వెళ్ళిన వారానికి ఆ రోజు వచ్చింది. హజ్‌కు వెళ్ళేవాళ్ళు బయలుదేరే ముందు తెలిసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, అన్నవీ చేసినవీ మన్నించమని అడగడం వాళ్ళ ఆచారం. బూబమ్మ పొద్దున్నే వాడంతా తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ జనం కళ్ళు తుడుచుకుంటూ, నువ్వు మాకేం చేశావమ్మా, అంతా మాఫే అన్నారు. అన్ని ఇళ్ళూ అయ్యాక చివరికి మా ఇంటికి వచ్చింది.

ఆమె కర్ర చప్పుడు వినగానే అవ్వ లేచి తలుపు గడియ పెట్టింది.

"బిడ్డా, పోతున్న" అంది బూబమ్మ బయటి నుంచి. కాసేపటికి, "ఎరుక లేకుంట ఎరుకే అన్న. గది నా తప్పు. మాఫ్ చెయ్యి" అంది.

అవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతోంది. చెయ్యి ఆగలేదు. నేను గడియ వైపు చూస్తే, కదలొద్దని కళ్ళతోనే చెప్పింది. బూబమ్మ మరోసారి అడగలేదు, ఏడవనూ లేదు. అరుగు మీద కూర్చుని, తన తమ్ముడు వచ్చి మోటరుకు వేళయిందని పిలిచేదాకా అట్లాగే ఉండి, లేచి వెళ్ళింది. కర్ర చప్పుడు దూరమవుతుంటే అవ్వ మీద నాకు పుట్టెడు కోపం వచ్చింది. ఒక్క మాటే కదా, అంటే ఏం పోయింది అనుకున్నాను.

అప్పుడు అవ్వ రొట్టెలన్నీ ఒక గుడ్డలో పెట్టి, ఎల్లిగడ్డ కారం ఆకులో చుట్టి మూట కట్టింది. నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది.

ఆ రోజుల్లో మోటర్లు బొగ్గుతో నడిచేవి. వెనక ఉన్న పొయ్యి రాజేసి, గాలి కొట్టి, బండి కదిలేలా చేసేసరికి చాలాసేపు పట్టేది. మేము వెళ్ళేసరికి బూబమ్మ లోపల కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చుట్టూ వాడ జనం, పొగ. అవ్వను చూసి అందరూ పక్కకు తప్పుకున్నారు. మాఫ్ చేయడానికే వచ్చిందనుకుని ఒకామె అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది.

అవ్వ మూటను కిటికీలోంచి ఆమె ఒళ్ళో పెట్టింది.

"నేను మాఫ్ చెయ్యలే బూబమ్మా" అంది. "ఇంకా నాతోని అయితలేదు. నువ్వు గా దినం నీకు ఎరుక లేనిది ఎరుకే అన్నవు. ఇయ్యాల నేను కడుపుల లేని మాట నోటితోని అంటే, నాకూ నీకూ ఏం ఫరక్? పైలంగ పోయి రా. వచ్చినంక మల్ల అడుగు. గప్పటికి కోపం పోతే, పోయిందని చెప్త."

చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. రాతి గుండె అని ఎవరో అన్నారు. సిగ్గుతో నేను అవ్వ కొంగు వెనక దాక్కున్నాను. బూబమ్మ మాత్రం అవ్వ చెయ్యిని రెండు చేతులతో పట్టుకుంది.

"పొద్దటి సంది అందరు మాఫ్ మాఫ్ అన్నరు బిడ్డా. ఎవ్వరి మాట నా మనసుకు తాకలే" అంది. "నువ్వు నిజం చెప్పినవు. వస్త. వచ్చి అడుగుత."

మోటరు కదిలింది. రెండేళ్ళలో అవ్వ ఏడవడం నేను మొదటిసారి చూసింది ఆ రోజు, ఇంటికి వచ్చే దారిలో.

చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున అవ్వ కండె చుడుతూ చుడుతూ ఆగి, బూబమ్మ ఎప్పుడొస్తదట అని బాపును అడిగింది. బాపు మగ్గం ఆపి తలెత్తి చూశాడు. "ఎప్పుడు పోయిందో ఏమో, పోయింది" అంది అవ్వ. కోపం సంగతి అని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఆ రోజు నుంచి మోటరు వచ్చే వేళకు అవ్వ అరుగు మీద కూర్చునేది.

మాఘమాసంలో బూబమ్మ తమ్ముడు ఒక్కడే వచ్చాడు. హజ్ పూర్తయ్యాక అక్కడే జ్వరంతో పోయిందని, మా బాపు నేసిన బట్టలోనే మట్టి చేశామని చెప్పాడు. అవ్వ ఆయనకు మంచినీళ్ళ చెంబు అందించింది. ఆయన తాగి ఇచ్చిన ఖాళీ చెంబును పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడింది.

అవ్వ ముసలిదయ్యాక నేను ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు ఒక్క మాట అనేస్తే బాగుండేది కదా అని. "గా దినం అంటే అబద్ధమైతుండె" అంది అవ్వ. "నిజమైన దినం ఆమె దగ్గర లేకపాయె. గది నా కర్మ. దుక్కం లేదని అంటలేను."

అవ్వ చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. ఆ రోజు నుంచి నాకు మిగిలినవి రెండు. లోపల లేని మాట నా నోటికి రాదు. మొండిదని బిడ్డలు అంటారు, పడతాను. రెండోది, ఎవరి మీదైనా కోపం కరిగిపోయిందని తెలిసిన రోజున, ఎండా వానా చూడకుండా చెప్పులేసుకుని వాళ్ళింటికి పోతాను. మర్నాటికి ఆగను.